అందరి ముందూ అడిగానని నాన్న మాట్లాడటం మానేశారు

ప్రశ్న: ఎం.ఏ. ఫిలాసఫీ చదువుతున్నాను. నాన్నకు బియ్యం కొట్టు ఉంది, రోజూ గంటసేపు పూజ చేస్తారు. కొట్లో హమాలీ కాలు విరిగి మంచాన పడ్డాడు. అతని పాత కూలి బాకీ నాన్న ఇంకా తీర్చలేదు. మొన్న ఇంట్లో వ్రతం జరిగితే చుట్టాలందరి ముందూ సోక్రటీస్ ప్రశ్న వేశాను: 'దేవుడు మెచ్చాడు కాబట్టి అది పుణ్యమా, పుణ్యం కాబట్టి దేవుడు మెచ్చాడా?' అప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడటం లేదు. నాది తప్పా?

జవాబు: ప్రశ్నలో తప్పు లేదమ్మా. వేసిన చోటు బాగాలేదు.

మీరు వేసిన ప్రశ్న ప్లేటో రాసిన 'యూతిఫ్రో' అనే సంభాషణలోది. దాన్ని మీరు పాఠంగా చదివి ఉంటారు. ఈసారి ఒక ఇంటి గొడవగా చదవండి. క్రీ.పూ. 399లో ఏథెన్స్‌లో దైవద్రోహం కేసు మీద పడిన సోక్రటీస్‌కు న్యాయాధికారి మంటపం దగ్గర యూతిఫ్రో ఎదురవుతాడు. అతను వచ్చింది కన్నతండ్రి మీద హత్య కేసు పెట్టడానికి. నాక్సోస్ దీవిలో వాళ్ల పొలంలో ఒక కూలివాడు తాగిన మత్తులో ఇంటి బానిసను చంపాడు. తండ్రి వాడి కాళ్లూ చేతులూ కట్టి గోతిలో పడేయించి, ఏం చేయాలో అడిగి రమ్మని ఏథెన్స్‌కు మనిషిని పంపాడు. ఆ మనిషి తిరిగి వచ్చేలోపే వాడు ఆకలికీ చలికీ చచ్చిపోయాడు. హంతకుడేగా అని ఎవరూ పట్టించుకోలేదు.

చచ్చినవాడు మనవాడా, పరాయివాడా అన్నది లెక్కలోకి రాకూడదని యూతిఫ్రో అంటాడు. ఆ మాట నాకు చాలా నచ్చుతుంది. కానీ తనకు దేవుళ్ల సంగతి అంతా తెలుసన్న ధీమా కూడా అతనికే ఉంది. సోక్రటీస్ నిలదీసింది ఆ ధీమానే. ఇంత మాట్లాడుకున్నా ఆ కూలివాడి పేరు మాత్రం ఎక్కడా రాదు. మీ ఇంట్లోనూ వాదన మీకూ నాన్నకూ మధ్యే నడిచింది, హమాలీ డబ్బు మాట అటకెక్కింది.

సోక్రటీస్ పూజలకు శత్రువు కాడు. చనిపోయే ముందు కూడా అస్క్లీపియస్ దేవుడికి ఒక కోడి బాకీ ఉన్నామనీ, మరిచిపోకుండా తీర్చమనీ స్నేహితుడు క్రీటోకి చెప్పాడు. యూతిఫ్రోతో మాట్లాడుతూ భక్తి అనేది న్యాయంలో ఒక భాగం కాదా అని కూడా అడిగాడు. మీ నాన్నగారి విషయంలో పట్టుకోవాల్సింది ఈ మాటనే. ఆయన పూజ దొంగపూజ అని మీరు తేల్చక్కర్లేదు.

కొట్టు కట్టేశాక, ఎవరూ లేనప్పుడు ఆయన దగ్గర కూర్చోండి. 'అందరి ముందూ అనడం తప్పే నాన్నా' అనండి, అంతవరకే. ఖాతా పుస్తకం తీసి బాకీ ఎంతుందో చూపించండి. ఆ పూట దేవుడి ఊసు వద్దు. వెంటనే ఒప్పుకోకపోతే అమ్మగారి చేత ఒక మాట చెప్పించండి. ఆయన మాట్లాడేదాకా ఆగకుండా, మీరు హమాలీ ఇంటికి వెళ్లి మందులకూ ఇంటి ఖర్చుకూ ఏమైనా కావాలేమో కనుక్కుని రండి. వెళ్లొచ్చిన సంగతి నాన్నగారి దగ్గర దాచకండి.