పెద్ద జాబు వేసే ముందు

చిన్నీ,

పరమ్ ప్రవేగలో అకౌంట్ వచ్చిందన్నావు, సంతోషం. 2022లో బెంగళూరు ఐఐఎస్సీలో పెట్టిన సూపర్‌కంప్యూటర్ అది, 3.3 పెటాఫ్లాప్స్, అంటే సెకనుకు 3300 లక్షల కోట్ల లెక్కలు. అంత శక్తి చేతికొచ్చేసరికి మొదటి వారమే కంప్యూటర్‌లో పెద్ద మంచు ముక్క నమూనా కట్టి, దాని మీద కార్బన్ మోనాక్సైడ్ పెట్టి జాబు (మిషన్‌కి అప్పగించే లెక్క) వేసేయాలనిపిస్తుంది. వద్దు తల్లీ. ముందు కాగితం మీద సమాధానం సుమారుగా ఎంత రావాలో చూసుకో.

నీ ప్రాబ్లమే తీసుకుందాం: అంతరిక్షపు మంచులో మిథనాల్ ఎలా పుడుతుందన్నది. నక్షత్రాలు పుట్టే ఆ చల్లని మేఘాల్లో ఉష్ణోగ్రత 10 కెల్విన్ల దరిదాపుల్లో ఉంటుంది. ధూళి రేణువు మీది మంచులో కార్బన్ మోనాక్సైడ్‌కి హైడ్రోజన్ పరమాణువులు ఒక్కొక్కటిగా నాలుగు చేరితే మిథనాల్. మొదటి హైడ్రోజన్ దగ్గరే శక్తి అడ్డంకి ఉంది. 2000 కెల్విన్లు అనుకో. అడ్డంకిని ఉష్ణోగ్రతతో భాగించగా వచ్చినంత మైనస్ పవర్‌ని e (సుమారు 2.718)కి వేస్తే దాన్ని దాటే అవకాశం వస్తుంది. 2000ని 10తో భాగిస్తే 200. e పవర్ మైనస్ 200 అంటే దశాంశ బిందువు తర్వాత 86 సున్నాలు! సెకనుకు లక్ష కోట్ల సార్లు ప్రయత్నించినా విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లూ చాలవు. మరి ఆ మంచులో మిథనాల్ టెలిస్కోపులకు కనిపిస్తోందిగా! అంటే హైడ్రోజన్ గోడ ఎక్కి దూకడం లేదు, టన్నెలింగ్‌తో, అంటే క్వాంటమ్ పద్ధతిలో గోడలోంచే, అవతలికి పోతోంది. నీ రేటు లెక్కలో టన్నెలింగ్ లేకపోతే ఎన్ని కోర్లు (లెక్క చేసే ప్రాసెసర్ భాగాలు) అడిగినా వచ్చేది చెత్తే. ఈ సంగతి తెలియడానికి ఒక క్యాలిక్యులేటర్ చాలు.

తర్వాత ఖర్చు చూడు. మామూలు డీఎఫ్‌టీలో (ఎలక్ట్రాన్ సాంద్రతతో శక్తి లెక్కగట్టే పద్ధతి) పరమాణువులు రెట్టింపైతే టైమ్ దాదాపు 8 రెట్లు. ఇంకా కచ్చితమైన కపుల్డ్ క్లస్టర్ పద్ధతిలో, ట్రిపుల్స్ (మూడేసి ఎలక్ట్రాన్ల ప్రభావం) కూడా కలిపితే, 128 రెట్లు. అందుకే రెండు మూడు నీటి అణువులతో ఖరీదైన లెక్క ఒకటి చేసి, నీ ఫంక్షనల్ (డీఎఫ్‌టీలో వాడే ఉజ్జాయింపు సూత్రం) దానికి ఎంత దగ్గరగా వస్తోందో చూసుకుని అప్పుడు పెద్ద ముక్కకి వెళ్లు. డిస్పర్షన్ కరెక్షన్ (అణువుల మధ్య బలహీన ఆకర్షణను కలిపే సవరణ) మర్చిపోకు. కార్బన్ మోనాక్సైడ్ మంచుని చాలా బలహీనంగా పట్టుకుని ఉంటుంది, ఆ కరెక్షన్ లేకపోతే ఆ పట్టు ఇంకా తక్కువగా కనిపిస్తుంది.

గ్యాస్ ప్రవాహాలు చేసే మీ ఆస్ట్రో ఫ్రెండ్స్‌కీ ఇదే బాధ. త్రీడీ గ్రిడ్‌ని ప్రతి దిక్కులో రెట్టింపు చేస్తే గడులు 8 రెట్లు, టైమ్ స్టెప్ సగం, మొత్తం 16 రెట్లు. అందుకే వాళ్లు కొత్త కోడ్ మీద ముందు 1978 నాటి సాడ్ షాక్ ట్యూబ్ (గొట్టంలో గ్యాస్ షాక్ తరంగం మీద పరీక్ష లెక్క) నడుపుతారు. దానికి కచ్చితమైన సమాధానం ఉంది, ల్యాప్‌టాప్‌లో చిటికెలో అయిపోతుంది. నువ్వూ అలాంటి పరీక్ష ఒకటి పెట్టుకో.

కోర్ల విషయంలో ఆశ పడకు. ప్రోగ్రామ్‌లో 5 శాతం పని సమాంతరంగా నడవకపోతే, ఎన్ని కోర్లిచ్చినా వేగం 20 రెట్లు దాటదు. ఒక నోడు (చాలా కోర్లున్న ఒక కంప్యూటర్), రెండు, నాలుగు వేసి చూడు. లాభం తగ్గిన చోట ఆగిపో. 3 గంటల పనికి 24 గంటలు అడగడం కూడా మానెయ్. తక్కువ అడిగిన జాబులు క్యూలో ఖాళీ దొరికిన చోట ముందే దూరిపోతాయి. కాస్త మార్జిన్ మాత్రం ఉంచు.

చెక్‌పాయింట్ రాయించు, జాబు మధ్యలో ఆగితే అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. స్క్రాచ్‌లో (తాత్కాలిక డిస్క్‌లో) పాత ఫైళ్లు తీసేస్తుంటారు, కావలసినవి వెంటనే కాపీ చేసుకో. రాత్రంతా క్యూ చూస్తూ కూర్చోకు, నువ్వు చూసినా చూడకపోయినా అది నడుస్తుంది. ఐఐఎస్సీ పక్కనున్న మత్తికెరెలో ఏదో ఒక ఆంధ్రా మెస్‌లో అన్నం తిని పడుకో.

ఏ ఫంక్షనల్ ఎందుకు వాడమన్నారో గైడ్‌ని అడగడానికి మొహమాటపడకు. ఆయన చెప్పింది నాకు రాసి పంపు.

బాబాయ్