ఆజాద్: ఇంటిపేరా, పెట్టిన పేరా?

సందేహం: స్వాతంత్ర్య సమరయోధుల పేర్లు రాయమంటే మా బడి పిల్లలు ‘అబ్దుల్ కలాం ఆజాద్’, ‘చంద్రశేఖర్ అజాద్’ అని రాశారు. ఇద్దరి చివరా ఆజాద్ ఉంది కదా, వాళ్ళు చుట్టాలా అని ఒక పిల్లవాడు అడిగాడు. ఇంటికొస్తే మా అబ్బాయి ఆజాద్ అనే కుర్దు ర్యాపర్ పాటలు వింటున్నాడు. ఇంతకీ ఈ పేరు ఎవరిది? ఇంటిపేరా, పెట్టిన పేరా? అజాద్, ఆజాద్, ఆజాదు – ఏది రాయాలి? వట్టి ‘ఆజాద్’ అని రాస్తే ఎవరనుకోవాలి?
– ఒక ఉపాధ్యాయిని, ఒంగోలు

సమాధానం: అమ్మా, ఆజాద్ అంటే ఫారసీలో స్వతంత్రుడు. ముందు పిల్లవాడికి జవాబు చెప్పండి. వాళ్ళు చుట్టాలు కారు. ఇద్దరిలో ఎవరి ఇంటిపేరూ ఆజాద్ కాదు. ఇద్దరూ ఆ పేరును తమంతట తామే పెట్టుకున్నారు. అదీ వేరువేరు కారణాలతో.

మొదటాయన, అంటే మౌలానా ఆజాద్, 1888లో మక్కాలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు ముహియుద్దీన్ అహ్మద్. ఆజాద్ ఆయన కలంపేరు. ఉర్దూ, ఫారసీ కవులు దీన్ని ‘తఖల్లుస్’ అంటారు. క్షేత్రయ్య పదంలో ‘మువ్వగోపాల’ ముద్ర పడ్డట్టు, గజల్ చివరి చరణంలో కవి తన తఖల్లుస్ వేస్తాడు. మౌలానా పిన్న వయసులో కవిత్వంతోనే మొదలుపెట్టి తర్వాత వచనంలోకి, 1912లో కలకత్తా నుంచి ‘అల్ హిలాల్’ వారపత్రికలోకి వచ్చారు. కవిత్వం వెనకపడింది, కలంపేరు మాత్రం మిగిలింది.

చంద్రశేఖర్ ఇంటిపేరు తివారీ. 1906లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని భావరాలో పుట్టాడు. సహాయ నిరాకరణ రోజుల్లో, 1921లో, కాశీలో పట్టుబడ్డాడు. మేజిస్ట్రేటు పేరడిగితే ‘ఆజాద్’, తండ్రి పేరడిగితే ‘స్వతంత్ర’, ఉండేదెక్కడంటే ‘జైలు’ అని చెప్పాడంటారు. పదిహేను కొరడా దెబ్బలు తిన్నాడు. అప్పటికి అతనికి పదిహేనేళ్ళు. కోర్టులో చెప్పిన ఆ జవాబే పేరైపోయింది. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్‌ఫ్రెడ్ పార్కులో పోలీసులతో పోరాడి మరణించాడు. ఇప్పుడా పార్కు కూడా ఆయన పేరుతోనే ఉంది. ఆయన విషయంలో ఆజాద్ కలంపేరు కాదు, మనవాళ్ళు ‘ప్రతిన పేరు’ అనదగ్గ రకం.

మన దేశంలో పేరు చివర ఆజాద్ కనిపిస్తే మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదే: కలంపేరా, ప్రతిన పేరా, వారసత్వమా? కలంపేరు ఇంటిపేరు కాదనడానికి ఒక కవి కుటుంబమే సాక్ష్యం. ఉర్దూ కవి, ఇక్బాల్ సాహిత్యంలో పండితుడు జగన్నాథ్ ఆజాద్ (1918–2004) తండ్రి కూడా కవే. ఆయన పేరు తిలోక్ చంద్ మహ్రూమ్. మహ్రూమ్ అంటే దక్కనివాడు, వంచితుడు. తండ్రి వంచితుడు, కొడుకు స్వేచ్ఛాజీవి! ఇంటిపేరైతే ఇద్దరికీ ఒకటే ఉండాలిగా. మన దగ్గరా అంతే. ఆరుద్ర గారిది భాగవతుల వారి ఇల్లు. ‘ఆరుద్ర వారి కుటుంబం’ అని ఎవరైనా రాస్తే మనం ఉలిక్కిపడతాం.

దక్కనులో ఇంకా పాత ఆజాద్ ఒకరున్నారు: మీర్ గులాం అలీ ఆజాద్ బిల్‌గ్రామీ (1704–1786). ఉత్తరాదిలోని బిల్‌గ్రామ్‌లో పుట్టి, ఔరంగాబాదులో స్థిరపడి, అరబ్బీలోనూ ఫారసీలోనూ విరివిగా రాసి, ఖుల్దాబాదులో సమాధి అయ్యారు. ఆయన పేరులో ఆజాద్ మధ్యలో ఉంది, చివర ఊరి పేరు. చివరి మాట పట్టుకుని ‘బిల్‌గ్రామీ’ అని రాస్తే ఊరు మిగిలి కవి జారిపోతాడు. ఉర్దూ కవుల చరిత్రగా పేరుపడ్డ ‘ఆబె హయాత్’ (1880) రాసిన మహమ్మద్ హుసేన్ ఆజాద్ మరొకరు. బంగ్లాదేశ్ రచయిత హుమాయూన్ ఆజాద్ (1947–2004) అసలు పేరు హుమాయూన్ కబీర్. ఆయన పెద్దయ్యాక అధికారికంగానే పేరు మార్చుకున్నారు.

ఒక్కోసారి తండ్రి తగిలించుకున్నది పిల్లలకు వస్తుంది. బిహార్ ముఖ్యమంత్రిగా చేసిన భాగవత్ ఝా ఆజాద్ ఇంటిపేరు ఝా. ఆజాద్ ఆయన చేర్చుకున్నది. ఆయన కొడుకు, 1983 ప్రపంచ కప్పు గెలిచిన జట్టులోని కీర్తి ఆజాద్‌కు వచ్చేసరికి ఝా వెనక్కి తగ్గి ఆజాదే ఇంటిపేరులా స్థిరపడింది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో కాంగ్రెస్ వ్యవహారాల బాధ్యుడిగా మన పత్రికల్లో రోజూ కనిపించిన గులాం నబీ ఆజాద్ 2022లో కొత్త పార్టీ పెట్టి, పార్టీ పేరులో కూడా ఆజాద్‌ను ఇరికించారు. అజ్ఞాతవాసపు పేరుగా వాడినవారూ ఉన్నారు. మావోయిస్టు పార్టీ అధికార ప్రతినిధి చెరుకూరి రాజకుమార్‌ను 2010 జులైలో ఆదిలాబాద్ జిల్లా కాల్పుల వార్తల్లో పత్రికలన్నీ ‘ఆజాద్’ అనే రాశాయి.

ఇక మీ అబ్బాయి వినే ఆజాద్. కుర్దులు తుర్కియే (టర్కీ), ఇరాన్, ఇరాక్, సిరియాల్లో పరుచుకుని ఉన్న జనం. వాళ్ళ భాష ఫారసీకి దగ్గరి చుట్టం. వాళ్ళలో ఆజాద్ కలంపేరు కాదు. మనం మగపిల్లవాడికి రాముడనో వెంకటేశనో పెట్టినట్టు, ఉయ్యాలలో పెట్టే పేరే. ‘ఆజాదీ’ అంటే వాళ్ళకూ స్వేచ్ఛే. 1920ల మొదట్లో ఏర్పడిన ఒక కుర్దు రహస్య సంఘం పేరు ఆజాదీ. 1925లో తుర్కియేలో కుర్దు నాయకుడు షేక్ సయీద్ లేపిన తిరుగుబాటు వెనక ఆ సంఘం చేయి ఉంది. 2022లో కుర్దు యువతి మహసా జీనా అమీనీ మరణం తర్వాత ఇరాన్ వీధుల్లో మారుమోగిన ‘జిన్, జియాన్, ఆజాదీ’ నినాదం కుర్దు భాషలోదే: స్త్రీ, జీవితం, స్వేచ్ఛ. స్వదేశం లేని జాతి పిల్లలకు ఈ పేరు పెడితే అందులో ఆశీర్వాదం కొంత, రాజకీయం కొంత ఉంటాయి.

ఆ ర్యాపర్ ఇరాన్ కుర్దిస్తాన్‌లోని సనందజ్‌లో పుట్టి, జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పేరు తెచ్చుకున్నాడు. పూర్తి పేరు ఆజాద్ ఆజాద్‌పూర్. ఇక్కడ ఒక సరదా ఉంది. ఢిల్లీలో ఆజాద్‌పూర్ మండీ ఉంది, మన మామిడిపళ్ళ లారీలు ఆగే చోటు. ఆ ‘పూర్’ సంస్కృత పురం. ర్యాపర్ ఇంటిపేరులోని ‘పూర్’ సంస్కృత పుత్రుడికి ఫారసీ తోబుట్టువు. షాపూర్ అంటే రాజకుమారుడు, అలాగే. మార్కెట్ పేరు ఆజాద్ ఊరు, మనిషి పేరు ఆజాద్ కొడుకు. తెలుగులో రెండూ అచ్చు ఒకేలా రాస్తాం, తప్పదు. 2012, 2016 ఒలింపిక్స్‌లో సిరియా తరఫున ఈత పోటీల్లో దిగిన ఆజాద్ అల్ బరాజీ పేరు కూడా ఇలా మొదటే వస్తుంది. సిరియాలోని కోబానీ పట్టణ యుద్ధంలో ఇస్లామిక్ స్టేట్ (ఐఎస్) మీద పోరాడిన కుర్దు స్నైపర్ ఒకరు ఆజాద్ జూదీగా ప్రసిద్ధుడు. అది యుద్ధంలో పెట్టుకున్న పేరు. జూదీ కుర్దుల ప్రాంతంలోని ఒక కొండ పేరు. చంద్రశేఖర్ సంప్రదాయం అక్కడా ఉందన్నమాట.

కుర్దు ఆజాద్ చివర ‘ద్’ చెక్కుచెదరకుండా ఉంటుంది. తుర్కీ భాష మాట చివరి ద్‌ను త్ చేస్తుంది. అహ్మద్ అహ్మెత్ అవుతాడు, మురాద్ మురాత్ అవుతాడు, ఆజాద్ ఆజాత్ అవుతాడు. క్యూ, డబ్ల్యూ, ఎక్స్ అనే మూడు కుర్దు అక్షరాల మీద తుర్కియేలో 2013 దాకా నిషేధం ఉండేది. ఆజాద్‌లో ఆ మూడింటిలో ఏదీ లేదు కానీ, చివరి అక్షరమే మనిషి ఎటువాడో పట్టిస్తుంది. కాబట్టి వార్త రాసేవాళ్ళు తుర్కియే మనిషి పేరు ఆజాత్ అని కనిపిస్తే ‘దిద్ది’ ఆజాద్ చేయకూడదు, ఆజాద్ అని కనిపిస్తే ఆజాత్ చేయకూడదు. ఆజాధ్ అని ఒత్తు పెట్టేవాళ్ళ గురించి ఏం చెప్పను! ఫారసీలో ఆ ధ్వనే లేదు.

అజాద్ ఎందుకు తప్పో చూద్దాం. ఈ మాట ప్రాచీన ఇరాన్ భాష అవెస్తాలో ‘ఆజాత’. ‘ఆ’ ఉపసర్గ, ‘జాత’ అంటే పుట్టిన. సంస్కృత జకారం ఉన్నచోట ఇరాన్ భాషల్లో చాలా మాటల్లో గరగరలాడే ౙకారం వస్తుంది. జానువు అక్కడ ౙానూ, జాత ౙాత, షాజాదాలోని ‘జాదా’ కూడా అదే. మంచి వంశంలో పుట్టినవాడు, అంటే కులీనుడు అనేది తొలి అర్థం. బానిస కానివాడు, స్వతంత్రుడు అనేది తర్వాత వచ్చింది. ఇరాన్‌ను ఏలిన ససానియన్ రాజుల కాలంలో ఆజాదాన్ అంటే ఒక దొరల తరగతి. పుట్టుకతో వచ్చిన గొప్పదనాన్ని చెప్పే మాటను, పుట్టుకతో వచ్చిన తివారీని వదిలేసినవాడు తలకెత్తుకోవడం నాకెప్పుడూ ముచ్చటే.

ఇప్పుడు ఆ దీర్ఘం తీసేయండి. ‘అ’ వ్యతిరేకార్థం. అజాతశత్రువులో ఉన్నది అదే: పుట్టని. సుజాతుణ్ణి అజాతుణ్ణి చేసేస్తుంది ఆ ఒక్క మాత్ర. మొదటి ఆకారమూ జా మీది దీర్ఘమూ రెండూ ఉండాలి.

ఆ తప్పుకు మనకో అలవాటు కూడా తోడైంది. వేపచెట్టు శాస్త్రనామాన్ని పాఠ్యపుస్తకాల్లో ‘అజాడిరక్టా ఇండికా’ అని రాస్తాం. దాని మూలం ఫారసీ ‘ఆజాద్ దరఖ్త్’. దరఖ్త్ అంటే చెట్టు. మన పెరటి వేప లాటిన్ వేషంలో ఆజాద్‌ను మోస్తోందన్నమాట. ఐరోపావాళ్ళ నోట్లో దీర్ఘం పోయింది, ద డ అయింది. చెట్టు పేరు లాటిన్ కనక అలాగే ఉండనివ్వండి, మనిషి పేరుకు ఆ తెగులు అంటించకండి.

ఆజాదు అని ఉకారంతో రాయొచ్చా అంటే, రాయొచ్చు. అదేం తప్పు కాదు. తెలుగు నోరు హల్లు దగ్గర ఆగదు. బజారు, దర్బారు, సర్కారు, నిజాము, ఔరంగజేబు అన్నీ అలా వచ్చినవే. పాత పుస్తకాల్లో ఆజాదు కనిపిస్తే ముద్రణ దోషమనుకోవద్దు. ఇవాళ పత్రికల్లో పొల్లు రాత స్థిరపడింది కనక పిల్లలకు ఆజాద్ నేర్పండి, కానీ ఆజాదు అని రాసిన పిల్లవాడికి మార్కులు కోయకండి. విభక్తి చేరిస్తే విడదీయకుండా ఆజాద్‌ను, ఆజాద్‌కు, ఆజాద్‌తో అని కలిపి రాయాలి. ‘ఆజాద్ ను’ అని ఖాళీ వదిలితే ‘ను’ దిక్కులేనిదైపోతుంది. ఇరాన్ ఆడపిల్లల పేరు ‘ఆజాదే’ వచ్చినప్పుడు ఇంకో చిక్కు: తెలుగు పాఠకుడు దాన్ని ‘ఆజాద్ మాత్రమే’ అని చదువుకుంటాడు. పైన కీర్తి ఆజాద్ దగ్గర నేను రాసిన ‘ఆజాదే’ అలాంటిదే. ఇరాన్ అమ్మాయి గురించి రాస్తున్నప్పుడు వాక్యంలో మొదటిసారి ‘ఆజాదే అనే యువతి’ అని చెప్పేస్తే గొడవ ఉండదు.

పలకడంలో జ విషయం. ‘రాజు’లోని జ వేరు, ‘జీతం’లోని జ వేరు. మొదటిది దంత్యం, పాత నిఘంటువులు దాన్ని పైన గుర్తుపెట్టి ౙ అని చూపేవి. ఆజాద్‌ను దంత్య ౙతో పలికితే ఫారసీ ధ్వనికి దగ్గరగా వస్తుంది. అచ్చుగా అదే కాకపోయినా చాలు. బెంగాలీలు మామూలు జతోనే పలుకుతారు, వాళ్ళ ఆజాద్‌కు లోటేమీ రాలేదు.

చివరిది మీ పిల్లలు రాసిన ‘అబ్దుల్ కలాం’. ఇది ఆజాద్ కంటే పెద్ద తప్పు, పెద్దవాళ్ళు కూడా చేసే తప్పు. మౌలానా పేరు అబుల్ కలాం: అబూ అంటే తండ్రి, కలాం అంటే మాట. వాక్కుకు తండ్రి, మన మాటల్లో వాచస్పతి. రాష్ట్రపతిగా చేసిన శాస్త్రవేత్త అబ్దుల్ కలాం. అబ్ద్ అంటే సేవకుడు. ఒకరు మాటకు తండ్రి, ఇంకొకరు మాటకు సేవకుడు. ఒక్క ద వత్తులో ఇంత తేడా ఉంది. నవంబరు 11న జాతీయ విద్యా దినోత్సవానికి బడి గోడ మీద బ్యానరు కట్టేటప్పుడు ఒకసారి చూసుకోండి. హైదరాబాదు గచ్చిబౌలిలో 1998లో వచ్చిన ఉర్దూ విశ్వవిద్యాలయం పేరు ‘మౌలానా ఆజాద్’ అని ఉంది కనక అక్కడ ఈ బెడద లేదు.

వట్టి ఆజాద్ అని రాయడం సంగతి. తెలుగులో గారు ఇంటిపేరుకు కాదు, మనిషి పేరుకు తగిలిస్తాం. ఆజాద్ ఇక్కడ మనిషి ఎంచుకున్న పేరు కనక ఆజాద్ గారు అనడంలో ఇబ్బంది లేదు. కాకపోతే ఒకే పాఠంలో ఇద్దరుంటే ఒకరిని మౌలానా ఆజాద్, మరొకరిని చంద్రశేఖర్ ఆజాద్ అని ప్రతిసారీ విడమరచాలి. మొదటాయన్ని ‘అన్నారు’ అనీ రెండో ఆయన్ని ‘అన్నాడు’ అనీ రాయడం పాఠ్యపుస్తకాల అలవాటు. పాతికేళ్ళు నిండకుండా పోయినవాడు కనక ఆ చనువు వచ్చింది. నేనూ పైన అలాగే రాశాను. మార్చి ‘అన్నారు’ అని రాస్తే వద్దనేవాళ్ళు లేరు. కుర్దు గాయకుణ్ణి మాత్రం ‘ఆజాద్’ అంటే చాలు. ‘ఆజాద్‌పూర్ గారు’ అన్నారంటే పాపం అతని బదులు కూరగాయల మార్కెట్టు పలుకుతుంది.