చిన్నోడి బువ్వ, టీవీ పాటలు

బిడ్డా,

"టీవీలో పాటలు పెడితేనే చిన్నోడు నోరు తెరుస్తున్నాడు పెద్దమ్మా" అని మొన్న నువ్వన్న మాట నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. వాడికింకా ఇరవై నెలలే. ఫోన్లో హడావుడిగా చెప్పే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను.

టీవీ మీద నాకేం పగ లేదు. 1975లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు కార్యక్రమాలు పంపే సైట్ ప్రయోగం మొదలైనప్పుడు మన పాలమూరు జిల్లాలోని కొన్ని ఊళ్లకు టీవీలు వచ్చాయి. మా బడిలోనూ ఒకటి పెట్టారు. పొద్దున ఇరవై నిమిషాలకు కాస్త పైన పిల్లల కార్యక్రమం వచ్చేది. అది కాగానే సారు టీవీ ఆపేసి, "అట్లాంటి పిట్ట మన చెరువు కాడ ఉందా?" అని అడిగేవారు. ఒకరి మీద ఒకరం పడి చేతులెత్తేవాళ్లం. ఆ పిట్ట నాకు ఇప్పటికీ గుర్తుండడానికి సారు అడిగిన ఆ ప్రశ్నే కారణమని నా నమ్మకం.

పసివాడికి మాట వచ్చేది ఎదుటి మనిషి బదులు పలికితేనే. వాడు "బౌ బౌ" అంటాడు. "అవునురా, కుక్క. నల్ల కుక్క. తోక ఊపుతోంది చూడు" అని నువ్వంటావు. టీవీ అనదు. వాడు పిలిచినా, ఏడ్చినా దాని పాట అది పాడుకుంటూ పోతుంది. అమెరికాలో పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించి చూశారు. కొందరి దగ్గర మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడారు, కొందరికి అవే మాటలు టీవీలో పెట్టారు. మనిషి దగ్గర విన్నవాళ్లు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకున్నారు. టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఏమీ అంటలేదు. 2003లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

నేను పాఠాలు చెప్పిన ఒకటో తరగతిలో ఒక పిల్లాడు ఉండేవాడు. కార్టూన్‌లోని హిందీ మాటలు గడగడా అప్పజెప్పేవాడు. "పొద్దున ఏం తిన్నావురా?" అంటే మాత్రం నా ముఖం చూసి ఊరుకునేవాడు. ఆ చూపు గుర్తొచ్చినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాది దాటిన పిల్లలకు రెండేళ్లు నిండేదాకా టీవీ వద్దంది. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదంది, తగ్గితే ఇంకా మేలంది. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం మాట కూడా దాదాపు ఇదే. నాయనమ్మ, తాతలతో వీడియో కాల్ మాత్రం ఫరవాలేదు. అటువైపు బదులు పలికే మనిషి ఉన్నాడు కదా.

ఇక బువ్వ సంగతి. మూడు పూటలా ఒకేసారి మానిపించాలని చూడకు. మధ్యాహ్నం ఒక్క పూటతో మొదలుపెట్టు. దానికి రెండు గంటల ముందు నుంచి పాలు, బిస్కెట్లు పెట్టకు. ఆకలి కానివ్వు. కింద కూర్చోబెట్టుకుని నీ పళ్లెంలోనే వాడి చెయ్యి పెట్టనివ్వు. ఒలకబోస్తాడు, జుట్టుకు పూసుకుంటాడు, బట్ట పెట్టి తుడుచుకుందువు. రెండు మూడు రోజులు ఏడుస్తాడు, తక్కువ తింటాడు. బలవంతంగా నోట్లో కుక్కొద్దు. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడు ఒక పూట తగ్గించినా తర్వాతి పూటకు సర్దుకుంటాడు. టీవీ బొమ్మ మీద ధ్యాస పెట్టి తినేవాడికి కడుపు నిండిన సంగతే తెలియదు, అది అలవాటైతే పెద్దయ్యాక కూడా తిప్పలే. బరువు తగ్గుతున్నట్టు అనిపిస్తే డాక్టరుకు చూపించు.

అసలు కష్టం మీ అత్తమ్మగారి సీరియళ్ల దగ్గర వస్తుంది. పొద్దంతా ఒంటరిగా ఉండే ఆమెకు అవే తోడు. వాటిని లాక్కోకు, ఇంట్లో మనసులు విరుగుతాయి. కానీ పెద్దవాళ్ల కార్యక్రమం నడుస్తున్నా సరే, వాడి ఆట మాటిమాటికీ తెగిపోతుంది, మీరు వాడితో మాట్లాడేదీ తగ్గిపోతుంది. అందుకని ఆ గంట అల్లుడు వాడిని బయట తిప్పాలి. పొద్దున ఎవరూ చూడకుండా మోగే వార్తల ఛానెల్ అయితే బంద్ చెయ్యాల్సిందే. నువ్వు చెప్పలేకపోతే ఈ ఉత్తరం అతని చేతిలో పెట్టు. తండ్రి బాధ్యత ఫీజులు కట్టడంతో తీరదు బిడ్డా.

ఇంకొక మాట, భయపెట్టడానికి కాదు. వాడిప్పుడు ఎన్ని మాటలు అంటున్నాడో కాగితం మీద రాసిపెట్టు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, కావలసింది వేలితో చూపకపోయినా, తప్పంతా టీవీ మీదకు నెట్టేసి ఊరుకోకు. ముందు చెవులు పరీక్ష చేయించు. ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేయిస్తుంది, అంగన్‌వాడీ టీచర్‌ను అడిగితే ఎక్కడికెళ్లాలో చెబుతుంది.

వచ్చే ఆదివారం ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం పూట ఎట్లా గడిచిందో ఉన్నదున్నట్టు చెప్పు. ఆ కాగితం కూడా దగ్గర పెట్టుకో.

మీ పెద్దమ్మ