ఖాతాలో లక్షా 60 వేలు, చేతిలో 21 వేలు

ప్రశ్న: మా ఆయన సైన్యంలో హవల్దార్. సెలవు మీద వచ్చిన పది రోజులకే వెనక్కి పిలిచారు, ఇప్పుడు ఫార్వర్డ్ ఏరియాలో ఉన్నారు. వారానికోసారి వేరే నంబరు నుంచి రెండు నిమిషాలు మాట్లాడితే గొప్ప. ఆయన జీతం ఖాతాలో లక్షా 60 వేలున్నాయి కానీ ఓటీపీలు ఆయన ఫోన్‌కే పోతాయి, అది ఆఫ్‌లో ఉంది. పోస్టాఫీసులో నా పేరున 21 వేలున్నాయి. జూన్‌లో ఇద్దరు పిల్లల ఫీజు 38 వేలు కట్టాలి. గాజులు తాకట్టు పెట్టాలా, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తేవాలా? జీతం చేతికి 52 వేలు. అత్తమామలతో ఉంటాం.
– శ్రీకాకుళం జిల్లా పాఠకురాలు

జవాబు: గాజుల సంగతి చివర్లో చూద్దాం అమ్మా. మీ ఇంట్లో డబ్బుకు లోటు లేదు. దాన్ని ముట్టుకునే వీలు మీ పేరున లేదు, అంతే. ముందు ఆ దారి తెరవాలి.

మీరు రాసిన ఖర్చులు కూడితే నెలకు 39 వేలు. అందులో ఇంటి లోను వాయిదా 14,200 జీతం ఖాతా నుంచే 5వ తేదీన కోత పడుతుంది, దానికి మీరు కంగారుపడనక్కర్లేదు. మీ చేతి మీదుగా కావలసింది 24,800: చీటీ 5,000, వంటింటి ఖర్చు 12,000, మామయ్యగారి మందులు 2,500, కరెంటు, గ్యాస్, ఫోన్ 2,300, స్కూలు వ్యాను 3,000. అంటే పోస్టాఫీసులోని 21 వేలు నెల కూడా రావు.

ఆయన ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ రెండు నిమిషాలు ఎలా వాడాలో ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. మీ ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చదివి రాసుకోమనండి. సొంత ఫోన్ వాడే వీలు దొరికిన రోజున ఆయన చేయాల్సినవి రెండు. ఒకటి, లక్షా 12 వేలు మీ ఖాతాకు పంపడం. యూపీఐలో మామూలుగా రోజుకు లక్షే పరిమితి, పైగా కొత్తగా చేర్చిన ఖాతాకు చాలా బ్యాంకులు మొదట్లో పెద్ద మొత్తం పోనివ్వవు, అందుకే విడతలుగా పంపమనండి. రెండు, నెలనెలా 2వ తేదీన 28 వేలు మీకు వచ్చేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టడం.

లక్షా 12 వేలే ఎందుకంటే, మూడు నెలల ఇంటి ఖర్చు 74,400, ఫీజు 38 వేలు, కలిపితే దాదాపు అంత. ఆయన ఖాతాలో మిగిలే 48 వేలు మూడు వాయిదాలకు, అంటే 42,600కు, సరిపోతాయి. ఆయన జీతం ఎలాగూ పడుతూనే ఉంటుంది, కాబట్టి ఇది కాస్త అతి జాగ్రత్తే. కానీ 2025 మేలో పోరు నాలుగు రోజుల్లో ఆగింది, 1999లో కార్గిల్ రెండు నెలలు దాటింది. ఎన్నాళ్లో ముందుగా తెలియదు.

ఫోన్ వాడే వీలే లేకపోతే కాగితం దారి. బ్యాంకుకు వెళ్లి, ఖాతాలో మీ పేరు చేర్చే జాయింట్ ఫారం (‘ఐదర్ ఆర్ సర్వైవర్’, అంటే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయొచ్చు అని ఉండాలి) తీసుకోండి. ఆయన సంతకాన్ని అక్కడి కంపెనీ కమాండర్ ధ్రువీకరిస్తే తీసుకుంటారా అని మేనేజరును ముందే అడగండి. ఫారం యూనిట్ పేరు, కేరాఫ్ 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసుకు పోస్టులో వెళ్తుంది. ఆయన ఉన్న చోటు పేరు ఎక్కడా రాయొద్దు, కౌంటర్ దగ్గర అడిగినా చెప్పొద్దు. ఇలాంటి ఫారాలు ఎక్కువగా వెనక్కి వచ్చేది ఇంటిపేరు దగ్గర. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, సర్వీసు రికార్డులో అత్తింటిది ఉంటే పెళ్లి సర్టిఫికెట్ జత చేయండి.

యూపీఐ సర్కిల్ కూడా ఒక దారే. ‘పూర్తి అనుమతి’ రకం పెడితే ఆయన ఖాతా నుంచి మీరు నెలకు 15 వేల వరకు, ఒక్కోసారి 5 వేలు మించకుండా చెల్లించవచ్చు. రెండో రకంలో ప్రతి చెల్లింపుకూ ఆయన ఒప్పుకోవాలి, మీకు పనికిరాదు. ఇక ఏటీఎం కార్డు ఇంట్లో ఉంది, పిన్ తెలుసు కదా అనుకోకండి. మెషిన్ నోట్లు ఇవ్వకుండా ఖాతాలో కోత పడితే, కార్డుదారు కాని మీ ఫిర్యాదు నిలబడదు.

ఫీజు విషయంలో మీరు రాయని డబ్బొకటి ఉంది: పిల్లల చదువు భత్యం. 2024 జనవరి నుంచి ఒక్కో బిడ్డకు నెలకు 2,812.50, ఇద్దరికీ ఏడాదికి 67,500. ఫీజు ఎంతైనా ఇదే మొత్తం. విద్యా సంవత్సరం అయ్యాక హెడ్‌మాస్టరు ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్‌తో యూనిట్ ద్వారా క్లెయిం చేయాలి. ఆయన అక్కడుండి ఆ కాగితం తేలేరు, మీరే ఇద్దరిదీ తీసుకుని అదే కవర్లో పెట్టండి. పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే ఆయన సర్వీసు రికార్డుకు ఎక్కించే యూనిట్ ఉత్తర్వులో, లేకపోతే క్లెయిం ఆగిపోతుంది, అది కూడా ఆయన్ని అడగండి.

అడగడానికి మనసొప్పని మాట ఇంకొకటి. పెళ్లికి ముందు చేసిన నామినేషన్లు చాలామందివి అమ్మ పేరునే ఉండిపోతాయి. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో, ఏఎఫ్‌పీపీ ఫండ్‌లో (సైనికుల ప్రావిడెంట్ ఫండ్) ఎవరి పేరుందో, కిండ్రెడ్ రోల్‌లో (సర్వీసు రికార్డులోని కుటుంబ సభ్యుల జాబితా) మీరూ పిల్లలూ ఉన్నారో లేదో చూడమనండి. ఇంట్లో అపశకునం అంటారు, అననివ్వండి. అత్తగారికి కొంత వాటా రాయాలనుకుంటే అదీ ఇప్పుడే చెప్పుకుంటే తగవుండదు.

ఎల్ఐసీ ప్రీమియానికి ఆయన ఓటీపీ అక్కర్లేదు, పాలసీ నంబరు, ఆయన పుట్టిన తేదీతో మీరే కట్టేయొచ్చు. ఏడాది, ఆర్నెల్ల, మూణ్నెల్ల వాయిదాలకు 30 రోజులు, నెలవారీకి 15 రోజులు గడువుంటుంది. పొలం మీద కోర్టు కేసేదైనా ఉంటే లాయరుతో 1925 నాటి సైనికుల లిటిగేషన్ చట్టం మాట ఎత్తండి. యుద్ధ విధుల్లో ఉన్నవాళ్ల కేసు విచారణ ఆపించే వీలుంది. ‘పే ఆఫీసు నుంచి, మీవారి జీతం ఆగింది, ఓటీపీ చెప్పండి’ అని ఫోన్ వస్తే పెట్టేయండి. పొరపాటున చెప్పేస్తే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక గాజులు. జూన్ మొదటి వారానికి కూడా ఏ దారీ తెరుచుకోకపోతే, ముందు స్కూల్లో ఫీజు రెండు టర్ములుగా కడతానని అడగండి. అప్పటికీ కాదంటేనే బ్యాంకులో బంగారం. 38 వేలకు ముప్పావలా వడ్డీ అనుకుంటే మూడు నెలలకు 855 రూపాయలు, తెలిసినవాళ్ల రెండు రూపాయల వడ్డీ 2,280. అన్నీ తీసుకెళ్లొద్దు. ఒక జత తూకం వేయించి, ఎంత ఇస్తారో అడిగి, చాలకపోతేనే రెండోది తీయండి.