స్క్రూడ్రైవరు మాస్టారు: మారియో అరికాలు, మొండికేసిన కారు

(ఒడిశా రాయగడలో చాలాకాలం రేడియోలు, టీవీలు బాగుచేసి, ఇప్పుడు పిల్లల బొమ్మలు విప్పి బిగిస్తున్న మాస్టారు జవాబులు.)

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అబ్బాయి ఏడో తరగతి. వాళ్ళ మేనమామ హైదరాబాద్ నుంచి లెగో సూపర్ మారియో సెట్ (బిగించుకునే ప్లాస్టిక్ ఇటుకలు, వీడియోగేము వీరుడు మారియో బొమ్మ) తెచ్చిచ్చాడు. నెల తిరక్కుండానే రోబో కిట్ కావాలని కూర్చున్నాడు. తెలిసినవాళ్ళు వాడేసిన లెగో రోబో కిట్ మైండ్‌స్టార్మ్స్ ఈవీ3 అమ్ముతామంటున్నారు. వాళ్ళకది చవకేమో గానీ మాకు చిన్న మొత్తం కాదు. కొనమంటారా?
– ఒక తల్లి, గుణుపురం

జవాబు: వద్దమ్మా. ఎందుకు వద్దో తర్వాత చెబుతాను గానీ, ముందు ఇంట్లో ఉన్న మారియోని తలకిందులు చేసి అరికాలు చూడండి. అక్కడ రంగులు చూసే కన్ను ఒకటుంటుంది. ఎర్రటి దానిమీద నిలబెడితే లావా అనుకుని గోల పెడతాడు. నీలం మీద పెడితే నీళ్ళలో దిగాననుకుంటాడు. చారల ముక్క మీద పెడితే, కిరాణా కొట్లో సబ్బు మీది గీతలు మిషన్ చదివినట్టు చదివి, ఎదురుగా ఉన్నది శత్రువో కాదో పోల్చుకుంటాడు. కళ్ళు, నోరు, పొట్ట అన్నీ బుల్లి తెరలే. 2020లో వచ్చిన ఈ బొమ్మలో రోబోకి కావలసిన సరంజామా ముప్పాతిక ఉంది, లేనిది మోటారే. అరటాకు, పసుపు గుడ్డ, కుంకుమ డబ్బా, మీ నీలం చీర అంచు, ఒక్కోదాని మీదా వాణ్ణి నిలబెట్టి, దేన్ని గుర్తుపట్టాడో, దేనికి తికమక పడ్డాడో మీ అబ్బాయిని నోటుబుక్కులో రాయమనండి. ఒక ఆదివారం దాంతోనే గడిచిపోతుంది.

ఇక మైండ్‌స్టార్మ్స్. 1998లో మొదలైంది, 2013లో ఈవీ3 వచ్చింది. 2022 చివరికి కంపెనీ ఆ వరసే ఆపేసింది. సరుకు మంచిదే, నేను విప్పి చూశాను. నా భయమంతా దాని వైర్లతో. చూడటానికి పాత ల్యాండ్‌లైను ఫోన్ వైరులాగే ఉంటుంది గానీ, పట్టుకునే మొన ఒక పక్కకి జరిగి ఉంటుంది. ఒక్కటి తెగిందా, మన బజారంతా గాలించినా దొరకదు. బయటినుంచి వచ్చే వేరే కొత్త కిట్లేమో ధరకి మనకి అందవు. బయటి దేశాల బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70 చేశారు. బిల్లులో మనం కట్టేది ఇటుకల ధర ఒక్కటే కాదన్నమాట.

వీటి బదులు ఆర్డుయినో ఊనో లాంటి బోర్డు (మనం రాసిచ్చినట్టు నడుచుకునే బుల్లి కంప్యూటరు) ఒకటి, రెండు బీవో మోటార్లు (బ్యాటరీతో తిరిగే చిన్న మోటార్లు), బోర్డు మాట విని మోటార్లకి కరెంటు అందించే ఒక మోటారు డ్రైవరు తెప్పించండి. కారు ఒళ్ళు మాత్రం ఆ లెగో ముక్కలతోనే కట్టనివ్వండి. మోటార్లని రబ్బరు బ్యాండ్లతో బిగిస్తే చాలు. ఫెవిక్విక్ దగ్గరికి రానివ్వకండి, అంటుకున్న ముక్క మళ్ళీ దేనికీ పనికిరాదు. ఒక్క కష్టం ఉంది. మీవాడు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. లెగో పుస్తకంలో మాటలుండవు, అన్నీ బొమ్మలే, కాబట్టి సాఫీగా సాగిపోయింది. ఆర్డుయినోకి ప్రోగ్రాం ఇంగ్లీషు మాటల్లో రాయాలి. మొదటి నెల మేనమామని రోజూ ఒక పావుగంట ఫోన్లో కూర్చోమనండి. ఆశ పెట్టింది ఆయనేగా!

ప్రశ్న: మాస్టారూ, నా రోబో కారుని ఎత్తి పట్టుకుంటే చక్రాలు గిర్రున తిరుగుతాయి. నేల మీద పెడితే ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది, బోర్డు లైటు ఆరి వెలుగుతుంది. బోర్డు మార్చాలా?
– పదో తరగతి విద్యార్థి, జయపురం

జవాబు: ఆగు తమ్ముడూ, మార్చకు. నేను మార్చాను, అదీ రెండుసార్లు! మా మనవరాలి కారుకి ఇదే రోగం వస్తే బోర్డు పోయిందనుకుని ఒకటి కొన్నాను, అదీ అంతే చేస్తే కొట్టువాడిని తిట్టుకుంటూ ఇంకోటి కొన్నాను. మూడోరోజు సిగ్గు వదిలి మీటరు పెట్టాను. తొమ్మిది చూపించిన బ్యాటరీ, మోటార్లకి తగిలించగానే అయిదుకి జారిపోయింది. నువ్వు వాడేదీ ఆ చదరపు తొమ్మిది వోల్టుల బ్యాటరీయే అయ్యుంటుంది. అవునా?

అది మీటరు లాంటివాటికి కొద్దికొద్దిగా ఇవ్వడానికి తగినది. బీవో మోటారు గాలిలో తిరిగేటప్పుడు కొంచెమే లాగుతుంది. బరువు మీద పడి కదలబోయే ఆ క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. వోల్టేజీ కూలిపోతుంది, బోర్డు స్పృహ తప్పి మళ్ళీ మొదటినుంచి లేస్తుంది. సెల్లులు నీరసించిన ట్రాన్సిస్టరు రేడియోలో వార్తలు బాగానే వినిపిస్తాయి. పాట పెట్టి సౌండు పెంచితే డోలు దెబ్బ పడ్డప్పుడల్లా గురగురమంటుంది. ఇదీ అదే జబ్బు.

ఆ బ్యాటరీ పారేయకు, బోర్డుకి ఒక్కదానికే వదిలెయ్. మోటార్లకి ఆరు రీచార్జబుల్ పెన్సిల్ సెల్లులు వరసగా వెయ్, 7.2 వోల్టులొస్తాయి. ఎల్298ఎన్ డ్రైవరయితే రెండు వోల్టులదాకా అదే మింగేస్తుంది, మిగిలింది మోటార్లకి సరిగ్గా సరిపోతుంది. రెండు బ్యాటరీల మైనస్ వైర్లూ ఒకచోట కలపడం మర్చిపోకు. కలపకపోతే బోర్డు చెప్పేది డ్రైవరుకి వినపడదు. బోర్డుకి పవర్‌బ్యాంకు పెడదామనుకుంటావేమో, కొన్ని పవర్‌బ్యాంకులు బోర్డు లాగే ఆ కాస్త కరెంటు చూసి, ఎవరూ లేరనుకుని వాటంతటవే ఆగిపోతాయి. అదీ పడ్డాను.

ప్రశ్న: మా మనవడు, దిమ్మలు పేర్చి కట్టే కంప్యూటరు గేము మైన్‌క్రాఫ్ట్‌లో మా పాత చిన్న రైలు, నౌపడ–గుణుపురం బండిని కట్టాడు. అదే లెగో ఇటుకలతో కడితే నిలువుగా సాగినట్టుంది. తప్పెక్కడ?
– ఒక తాతగారు, పర్లాఖిముండి

జవాబు: తప్పు మనవడిది కాదండీ. గేములో దిమ్మ అన్ని వైపులా సమానం. లెగో ఇటుక ఒక గుబ్బకి 8 మిల్లీమీటర్ల వెడల్పు, ఎత్తు మాత్రం 9.6. అందుకే బండి పొడుగెక్కింది. పల్చటి ప్లేట్లు వాడమనండి, ఒక్కోటి 3.2 ఎత్తు. నాలుగు గుబ్బల (రెండుకి రెండు) చదరపు ప్లేట్లు అయిదు పేరిస్తే 16కి 16, అచ్చమైన దిమ్మ. ఇంకోటి, గేములో దిమ్మ ఒక మీటరు లెక్క. పెద్ద లైను పడక ముందు మన పట్టాల వెడల్పు రెండున్నర అడుగులే, అంటే ఒక దిమ్మకన్నా తక్కువ. పొగగొట్టానికి గుండ్రటి ముక్కలు వాడమనండి. ఆ గేములో గుండ్రం దొరకదు గానీ, మన బండికి ఉండేది.