చెంచా వంగింది, కత్తి విరిగింది: ఎందుకు?

ప్రశ్న: మాది రాయగడ. మెకానికల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాను. వర్క్‌షాప్ కొలిమిలో స్టీల్ చెంచాను, పాత స్టీల్ కత్తి ముక్కను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాను. చెంచా చేత్తోనే వంగింది, కత్తి పుటుక్కున విరిగింది. ఎందుకు? ఇంట్లో కంప్యూటర్ కోర్సు చేయమంటున్నారు. ఈ రంగంలో భవిష్యత్తు ఉందా?

జవాబు: కంప్యూటర్ కోర్సు మాట తర్వాత, ముందు చెంచా సంగతి చూద్దాం. చెంచాలకు ఎక్కువగా వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ వల్ల దాని ఆస్టెనైట్ నిర్మాణం (ఎర్రగా కాలినప్పుడు ఉండే అణువుల అమరిక) చల్లారినా మారదు, కాబట్టి నీళ్లలో ముంచినా గట్టిపడదు. పైగా రేకును నొక్కి చెంచాగా మలిచినప్పుడు వచ్చిన గట్టిదనం కూడా మంటకు పోయింది. కత్తి 420 వంటి రకమై ఉంటుంది. అందులో కార్బన్ ఎక్కువ. 1000 డిగ్రీల ప్రాంతం నుంచి ఒక్కసారిగా చల్లారిస్తే ఆ అమరిక మార్టెన్‌సైట్ అనే మరో నిర్మాణంగా మారుతుంది. అది ఎంత గట్టిదో అంత పెళుసు. తర్వాత 200 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో ఉంచి టెంపరింగ్ చేసి ఉంటే అంత తేలిగ్గా విరిగేది కాదు.

అసలు నైపుణ్యం కావలసింది మరోచోట. 304ను 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు నిలిపితే, క్రోమియం కార్బన్‌తో కలిసి రేణువుల (లోహంలోని సూక్ష్మ స్ఫటికాల) అంచుల్లో పేరుకుంటుంది. ఆ పక్కన క్రోమియం తగ్గిపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది. వెల్డింగ్ అతుకు పక్కన పైపులు కారడానికి ఇదొక కారణం. పైకి మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది! నమూనాను అద్దంలా మెరుగుపెట్టి, ఆక్సాలిక్ ఆమ్లంలో కరెంటు పంపి మైక్రోస్కోప్ కింద చూస్తే రేణువుల చుట్టూ నల్లని కాలువలు తవ్వినట్టు కనిపిస్తుంది. 1050 డిగ్రీల ప్రాంతానికి వేడిచేసి వేగంగా చల్లారిస్తే క్రోమియం మళ్లీ కరిగి సర్దుకుంటుంది. లేదా కార్బన్ 0.03 శాతం మించని 304ఎల్ ఎంచుకోవాలి. ఈ తేడాలు చదవగలిగినవారు ప్రతి కర్మాగారానికీ అవసరమే.

మీరున్న చోటు కూడా మీకు కలిసొస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌కు వాడే ఇనుము-క్రోమియం మిశ్రమం ఫెర్రోక్రోమ్ మీ జిల్లా తేరుబలిలోనే తయారవుతుంది. జాజ్‌పూర్ జిల్లా సుకిందాలో క్రోమైట్ (క్రోమియం ఖనిజం) గనులు, కళింగనగర్‌లో స్టెయిన్‌లెస్ స్టీల్ కర్మాగారం ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బయట ఒడియా మాట్లాడే మీకు అక్కడి కార్మికులతో కలిసి పనిచేయడం సులువు.

కంప్యూటర్ పక్కన నేర్చుకోవచ్చు, కానీ ఈ కుతూహలాన్ని వదలవద్దు. డిప్లొమా వారిని నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేర్చుకునే ఒడిశా జేఈఈ లేటరల్ ఎంట్రీ రాయండి. బుర్లా, సారంగ్ ప్రభుత్వ కళాశాలల్లో మెటలర్జీ (లోహశాస్త్రం) ఉంది. మెకానికల్ డిప్లొమాతో ఆ బ్రాంచి ఇస్తారో లేదో ఈ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసుకుని మరీ ఆప్షన్లు పెట్టండి.