అంధుడిని దుర్మార్గుడిగా చూపడం అవమానమేనా?

ప్రశ్న: తిరుపతిలోని మా డిగ్రీ కళాశాలలో మిత్రులందరం కలిసి 1950 నాటి మెక్సికన్ చిత్రం 'లోస్ ఓల్విదాదోస్' చూశాం. వీధుల్లో పాడుకొని బతికే అంధుడిని అందులో క్రూరుడిగా చూపడం నాకు బాధ కలిగించింది. చూపు లేని మా సహాధ్యాయి మాత్రం తనకు ఆ పాత్ర నచ్చిందన్నారు. పాత మెక్సికన్ సినిమా వికలాంగులను, ఆదివాసులను, నల్లజాతివారిని కించపరచిందనే అనుకోవాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ సహాధ్యాయి అభిప్రాయంతో నేను ఏకీభవిస్తున్నాను. లూయిస్ బున్యుయెల్ తీసిన ఆ చిత్రంలో అంధుడైన దాన్ కార్మెలో పాటలు పాడతాడు, రోగి వీపును పావురంతో రుద్ది నాటువైద్యం చేస్తాడు, దిక్కులేని పిల్లవాడిని చేరదీసి చాకిరీ చేయించుకుంటాడు, తనను కొట్టిన కుర్రవాడి ఆచూకీని చివరకు పోలీసులకు చెబుతాడు. అతనిలో మంచి తక్కువే అయినా కోరిక, భయం, పగ, తెలివి అన్నీ ఉన్న పూర్తి మనిషి అతను.

అంతకు రెండేళ్ల ముందు ఇస్మాయెల్ రోద్రిగేస్ దర్శకత్వంలో వచ్చి విశేష ప్రజాదరణ పొందిన 'నొసోత్రోస్ లోస్ పోబ్రెస్'లో కథానాయకుడి తల్లి కదలలేదు, మాట్లాడలేదు. ఇంట్లో జరిగిన దొంగతనాన్ని కళ్లారా చూసి కూడా చెప్పలేక, ఆ దొంగ చేతిలోనే దెబ్బలు తింటుంది. ప్రేక్షకుల చేత కన్నీళ్లు పెట్టించడమే ఆమెకు అప్పగించిన పని. ఆమె మనసులో ఏముందో కథ పట్టించుకోదు. నా దృష్టిలో అవమానం ఇక్కడే ఎక్కువ. ఆమెను కొట్టే పాత్ర పోషించిన మిగెల్ ఇంక్లానే తరువాత దాన్ కార్మెలోగా నటించారు. ఆయన చూపున్న నటుడు.

ఎవరి కథను ఎవరు నటించారన్న విషయంలో మాత్రం ఆ కాలపు సినిమాను నేను సమర్థించలేను. వర్ణ వివక్షను ఖండించడానికే తీసిన 'ఆంహెలీతోస్ నెగ్రోస్' (1948)లో నల్లజాతి తల్లి పాత్రకు క్యూబా గాయని రీతా మోంతనేర్ ముఖానికి నల్లరంగు పూశారు. 1946లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పొందిన చిత్రాల్లో ఒకటైన 'మరియా కాందెలారియా'లో మెక్సికో నగరంలోని సోచిమిల్కో ప్రాంతపు ఆదివాసీ యువతిగా నటించినది సంపన్న కుటుంబంలో పుట్టి హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్న దొలోరెస్ దెల్ రియో. ఆదివాసీ మూలాలున్న మెక్సికన్ నటి యాలిత్సా అపారిసియో ఉత్తమ నటి విభాగంలో ఆస్కార్ నామినేషన్ అందుకోవడానికి 2019 దాకా ఆగవలసి వచ్చింది. ప్రమాదంలో కాలు పోయిన సుధాచంద్రన్ కథను తెలుగులో 'మయూరి'గా తీసినప్పుడు ఆ పాత్రను ఆమె చేతనే చేయించారు. అది ఎంత అరుదైన నిర్ణయమో ఈ ఉదాహరణల పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

వీలైతే ఆ 1948 నాటి రెండు చిత్రాలనూ మీ మిత్రులతో కలిసి చూడండి. స్పానిష్ సంభాషణలకు తెరపై వచ్చే సబ్‌టైటిల్స్ మీ సహాధ్యాయికి అందవు కనుక, వాటిని తెలుగులో చదివి, మాటలు లేని దృశ్యాలను క్లుప్తంగా వివరించేందుకు ఒకరిని ముందుగానే సిద్ధం చేయండి. ఆ వివరణ ఎంత వివరంగా ఉండాలో, ఎక్కడ ఆపాలో మీ సహాధ్యాయినే అడిగి నిర్ణయించండి.